హారతి పాట కట్టిన వెంగమాంబ

తిరుమల పోయినోళ్లందరం ఆ పేరు చదివినం. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం. లైన్ల నిలబడి తిని వచ్చినం. మనలో చాలామందికి ఆమె అక్కడితోనే అయిపోతది.

మొన్న దసరా సెలవుల్లో మా భైంసాలో ఆడవాళ్ల భజన కచేరీకి పోయిన. పాతకాలంలో ఆడవాళ్లు కట్టిన పాటలే పాడాలని అనుకున్నరట. మాది మరాఠీ, తెలుగు కలగలిసిన ఊరు కదా, ముందు జనాబాయి అభంగాలు అందుకున్నరు. ఆమె గోదావరి ఒడ్డున గంగాఖేడ్‌లో పుట్టి, పండరిపురంలో నామదేవుడి ఇంట్లో పనిచేసింది. ఆ నీళ్లే మన బాసరకు వచ్చేది. తర్వాత వెంగమాంబ కీర్తనలు. మైకు మధ్యమధ్యల గుయ్యిమన్నది గాని, గొంతులు మాత్రం బాగున్నయి.

వెంగమాంబ 1730లో, ఒకప్పటి చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టింది. త్యాగరాజు పుట్టేనాటికి ఆమెకు 37 ఏళ్లు. చిన్నప్పుడే పెండ్లయింది, చిన్నప్పుడే భర్త పోయిండు. ఆ కాలంలో భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి తల గొరిగించేవాళ్లు. ఆమె ఒప్పుకోలేదు. జుట్టు తీయనియ్యలేదు, బొట్టు చెరపలేదు. వేంకటేశ్వరుడే తన భర్త అన్నది. ఊరు ఊరుకుంటదా? పంచాయితీ పీఠాధిపతి దాకా పోయిందని కథలు చెప్తరు. వాటిల్లో మహిమలు చాలా ఉన్నయి. అవి పక్కనపెట్టినా, ఒక్క అమ్మాయి ఊరందరి ముందు కాదని నిలబడటం నాకు చాలా పెద్ద సంగతి అనిపించింది.

మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర చదువుకుని, తర్వాత తిరుమల చేరింది. అక్కడా పడనోళ్లున్నరు. కొన్నేళ్లు తుంబురు కోనలో ఉన్నదంటరు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపదలో వాసిష్ఠ రామాయణం, కీర్తనలు, యక్షగానాలు రాసింది. యక్షగానమంటే ఊరికే చదివేది కాదు, పాడి ఆడేది.

కచేరీ చివర హారతి. ఆ పాట కూడా వెంగమాంబదే. పళ్లెం ఒకరి చేతుల నుంచి ఒకరి చేతుల్లోకి పోతున్నది. మా పెద్దమ్మ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డది. పెద్దనాన్న పోయినప్పటి నుంచి ఆమె హారతి పళ్లెం ముట్టదు. ఎవరూ వద్దనరు, ఆమెనే పక్కకు జరుగుతది. ఈ పాట కట్టినామెకు కూడా నీలాగే భర్త లేడు పెద్దమ్మా అని చెవుల చెప్పిన. నా మొహం చూసింది, ఏమనలేదు. కాసేపటికి పళ్లెం దాకా వచ్చి కండ్లకద్దుకున్నది. చేతిల మాత్రం పట్టుకోలేదు.

తిరుమలలో రాత్రి ఏకాంత సేవకు తాళ్లపాక వాళ్ల లాలి, తరిగొండ వాళ్ల ముత్యాల హారతి ఇప్పటికీ నడుస్తనే ఉన్నయి. వెంగమాంబ 1817లో పోయింది. ఆమె బృందావనం కొండమీదనే ఉన్నది. ఈసారి పోతే అది చూపిస్తవా అని పెద్దమ్మ అడిగింది. బాసర నుంచి టికెట్లు చూస్తున్న, ఇంకా వెయిటింగ్ లిస్టే.