నూట అరవై ఏళ్ల హేలాపురికి

హేలాపురి అన్న పాత పేరున్న ఏలూరు 1866లో మునిసిపాలిటీ అయింది. 2005లో కార్పొరేషనయింది. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు ఊరి పేరే జిల్లా పేరైంది. ఈ 2026తో 160 ఏళ్లు నిండుతున్నాయి. షష్టిపూర్తి చేసుకుని, ఆ తర్వాత ఇంకో వందేళ్లు బతికిన పెద్దావిడ లెక్క. ఇలాంటివాళ్లకు శుభాకాంక్షలు చెబితే చాలదు, కాళ్లకు దండం పెట్టాలి.

వ్యాపారం పెట్టాలంటే మహానగరానికి పొమ్మంటారు. బ్యాంకులు, పనివాళ్లు, కొనేవాళ్లు అక్కడే ఉంటారని. కాదనను. కానీ బెజవాడకు 60 కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా ఏలూరు ఎందుకు ఇంకిపోలేదో ఆ మాటలో దొరకదు. ఈ చుట్టుపక్కల పండేది, పట్టేది చాలావరకు నిలవ ఉండే సరుకు కాదు. ఆగని సరుకుకు కూతవేటు దూరంలో ఊరుండాలి. మా ఊరి అసలు బలం అదే.

ముందు నీళ్ల సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కృష్ణ నుంచి ఒక కాలువ, విజ్జేశ్వరం వైపు గోదావరి నుంచి ఇంకొకటి వచ్చి ఏలూరులోనే కలుసుకున్నాయి. రెండు నదుల నీళ్లూ ఒకే ఊళ్లో! 1890లలో రైలొచ్చాక పడవలకు పని తగ్గిపోయింది. 2008లో ఏలూరు కాలువను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. గట్టున నిలబడి చూస్తే మాత్రం పడవలకన్నా గుర్రపుడెక్కే ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు కొల్లేటి సరస్సు వైపు పదండి. ధాన్యం మిల్లుకెళ్తుంది, బియ్యం ఊళ్లకెళ్తాయి, తవుడు నూనె మిల్లుకెళ్తుంది. నూనె తీసిన తవుడు చేపల చెరువుకొస్తుంది. సంచులకు చిల్లులు పెట్టి నీళ్లలో కర్రలకు వేలాడదీస్తారు, బొచ్చెలూ శీలావతులూ వాటి చుట్టూ చేరి మేస్తాయి. చెరువు పట్టుబడి రోజున ఐసు ఫ్యాక్టరీ, ట్రేలు, లారీ, హమాలీ అన్నీ ఒకే పూటకు సిద్ధంగా ఉండాలి. ఒక్కటి ఆలస్యమైనా కోల్‌కతాలో ధర పడిపోతుంది. ఒకరి పొట్టు ఇంకొకరి పెట్టుబడి కావడమంటే ఇదే. ఒకే పని చేసేవాళ్లు ఒకచోట చేరితే ఆ పనిలోని కిటుకులు గాలిలోనే ఉంటాయన్న అర్థంలో 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ రాశాడు. ఆయన కొల్లేటి పక్కనున్న కైకలూరు వచ్చి ఉంటే గాలిలో కిటుకులతోపాటు ఇంకో వాసన కూడా ఉందని రాసేవాడు.

పెదవేగిలోనూ ఇదే సూత్రం. వేంగి రాజులు ఏలిన ఆ ఊళ్లో 1995 నుంచి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. కోసిన గెల ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే నూనెలో పులుపెక్కుతుంది. అందుకే తోట ఉన్నచోటే ఫ్యాక్టరీ.

తాడేపల్లిగూడెం సంగతి దీనికి తలకిందులు. గూడెం చుట్టూ ఉల్లి పండదు. అయినా రాష్ట్రంలో పేరున్న ఉల్లి మార్కెట్ గూడెంలోనే! కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు దిగుతాయి, కోస్తా అంతటికీ, ఒడిశాకూ వెళ్తాయి. పండని సరుకుకు ఊరే మండీ ఎలా అయిందంటే, రైలు, పెద్ద రోడ్డు, వాటికి మించి అప్పు మీద సరుకిచ్చే షావుకారూ, మాట తప్పని కొనుగోలుదారూ. నమ్మకం మీద నడిచే బేరాన్ని ఏ రాజధానీ జీవో ఇచ్చి తెప్పించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధపు రన్‌వే, 2015లో వచ్చిన ఎన్‌ఐటీ కూడా గూడేనికున్నాయి గానీ, నా ఓటు ఉల్లికే.

ఇక ఏలూరు తివాచీలు. పారశీకుల నుంచి వచ్చిందని చెప్పుకునే ఈ విద్య తంగెళ్లమూడిలో మగ్గాల మీద ఇంకా బతికే ఉంది. ఎన్ని మగ్గాలు మిగిలాయని మాత్రం పుట్టినరోజు పూట అడగకండి.

ఇంకొక్క మాట, పెద్దావిడ కోప్పడినా సరే. ఇన్ని లాభాలకూ అడుగున ఉన్నది కొల్లేరు. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువులను కొట్టేశారు. తమ్మిలేరు, బుడమేరు పొంగితే ఆ నీళ్లకు చోటివ్వాల్సింది కొల్లేరే, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి సాగనంపాల్సిందీ కొల్లేరే. చెరువు గట్లు పెరిగినకొద్దీ ఏటికి దారి తగ్గుతుంది. పుట్టినరోజు కానుకగా ఏలూరుకు ఇంకో ఫ్లైఓవర్ ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఉప్పుటేరులో పూడిక తీయించండి.

అన్నట్టు, పెద్ద రోడ్డు మీద రాత్రి గుండుగొలను దాటుతుంటే ముందు వెళ్లే చేపల లారీ వెనక ఎండాకాలంలోనైనా తడిచార కనిపిస్తుంది. కరుగుతున్న ఐసు నీళ్లవి. గోదావరి దాటేదాకా ఆ చార పడుతూనే ఉంటుంది.