జూలియా ప్లాట్

అమెరికా దేశపు పశ్చిమతీరమున, కాలిఫోర్నియా రాష్ట్రమందు మాంటెరే అఖాతము కలదు. ఆ సముద్రములో కెల్ప్ అను గోధుమవన్నె నాచు, అడుగునగల రాళ్లను పట్టుకొని 30 మీటర్ల యెత్తు వరకు పెరుగును. అది నీటిలోని యడవి. అసంఖ్యాకములగు చేపలకు అదియే ఇల్లు. సీ అర్చిన్ అను ముండ్లబంతి వంటి ప్రాణి ఈ నాచును మొదలంట కొరికి తినును. ఆ ప్రాణిని తినునది సముద్రపు నీటికుక్క. మన కోరింగ మడయడవులలోని నీటికుక్క దీనికి దాయాదియే. 18, 19 శతాబ్దులలో వేటకాండ్రు మెత్తని చర్మమునకై ఈ నీటికుక్కలను దాదాపు నిర్మూలించిరి. కావలివాడు లేని తోటకు పట్టు గతియే ఆ వనమునకును పట్టెను.

జూలియా ప్లాట్ 1857వ సంవత్సరమున సాన్ ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. జీవశాస్త్రము నభ్యసించి, 1898లో జర్మనీ దేశమందలి ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. పిండదశలో తల యెముకలు ఏర్పడు విధమును గూర్చి ఆమె కనుగొనిన సత్యమును నాటి పండితులు అంగీకరింపలేదు. అనేక దశాబ్దముల పిమ్మటగాని అది స్థిరపడలేదు. అంతటి విదుషికిని విశ్వవిద్యాలయములలో ఉద్యోగము లభింపలేదు. ఆమె మాంటెరే ప్రక్కనున్న పసిఫిక్ గ్రోవ్ అను చిన్న పట్టణమును చేరి, అచ్చటనే స్థిరపడెను.

ఆ తీరమున సార్డీను చేపలను డబ్బాల కెక్కించు కర్మాగారములు వెలసెను. వాని మలినము సముద్రమున కలియుచుండెను. దుర్గంధము ఊరిని ముంచెత్తెను. జూలియా ఊరకుండు మనిషి కాదు. ఒకప్పుడు సముద్రపుటొడ్డునకు పోవు ద్వారమునకు తాళము వేయగా, అది ప్రజల త్రోవయని వాదించి, గొడ్డలితో దానిని పగులగొట్టెను. 1931లో, ఏడుపదులు దాటిన వయస్సున, ఆమె పట్టణమునకు మేయరయ్యెను.

కర్మాగారములను మూయించుట ఆమె వశము కాదు. కావున వేరొక యుపాయమును పన్నెను. తమ తీరమును తామే కాపాడుకొను హక్కును రాష్ట్రశాసనసభనుండి పట్టణమునకు సంపాదించెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారి సముద్రపరిశోధనాలయమునకు చేరువనున్న రాతితీరమును ఎన్నుకొని, పరిశోధకులు తప్ప ఇతరులెవ్వరును అచ్చటి ప్రాణులను తీసికొనిపోరాదని కట్టడి చేయించెను. ఆమె యెంపికలోని తెలివిని గమనింపుడు. రైతునకు నారుమడి యెట్టిదో, సముద్రమునకు ఆ చోటు అట్టిది. అచ్చట వర్ధిల్లిన ప్రాణుల గ్రుడ్లును పిల్లలును నీటివాలున కొట్టుకొనిపోయి, ఇరుగుపొరుగు తీరములను మరల నింపగలవు. ఆమె యొక్క నాచుమొక్కనైనను నాటలేదు. నాశనము కాకుండ చోటు మాత్రము మిగిల్చెను.

1935లో ఆమె మరణించెను. ఆమె కోరిక ప్రకారము దేహమును సముద్రమున విడిచిరి. ఆ తీరమున నీటికుక్క తిరుగుటను ఆమె చూడనేలేదు.

అయితే బిగ్ సర్ కొండల క్రింద కొలది నీటికుక్కలు వేటకాండ్ర కంటబడక మిగిలియుండెను. 1938లో వాని యునికి లోకమునకు తెలిసెను. సార్డీనులు కరవై కర్మాగారములు మూతపడిన పిదప, 1960 దశకమున నీటికుక్కలు పసిఫిక్ గ్రోవ్ చేరెను. అచ్చట వానికి ఆహారము సమృద్ధిగా దొరకెను. ముండ్లప్రాణులు తగ్గిన కొలది కెల్ప్ వనము దట్టముగా లేచెను.

2014 మొదలు సముద్రజలము వేడెక్కుటచేతను, ముండ్లప్రాణులను తిను నక్షత్రమీనములు రోగముతో చచ్చుటచేతను, ఉత్తర కాలిఫోర్నియా తీరమున ఈ వనములు తొంబదిపాళ్లు నశించెను. వానిని పునరుద్ధరింపబూనినవారు ముందుగా ఆలోచించునది, ఏ చోట మొదలిడవలెననియే.

జూలియా కాపాడిన తీరమున ఒక భాగమునకు ఇప్పుడు ఆమె పేరే పెట్టబడియున్నది. అచ్చటినుండి నేటికిని ఒక్క నత్తనైనను తీసికొనరాదు.