బిలాస్‌పుర్ తెలుగు బారిస్టర్: పదవులు అందుకున్న నేత, అప్పుల్లో మునిగిన పల్లె

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ అనగానే సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ప్రధాన కార్యాలయం, హైకోర్టు గుర్తొస్తాయి. ఆ ఊళ్లో ఒక సైన్స్ కాలేజీకి, ఒక సభా భవనానికి ఓ తెలుగువాడి పేరుంది. ఆయనే ఈడ్పుగంటి రాఘవేంద్రరావు. బ్రిటిష్ పాలనలో సెంట్రల్ ప్రావిన్సెస్‌కు మంత్రిగా, హోం మెంబరుగా, తాత్కాలిక గవర్నరుగా పనిచేశారు. 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని కూడా ఆయనే. ముఖ్యమంత్రిని అప్పట్లో ప్రధాని అనేవారు.

ఇన్ని పదవులు చేసిన మనిషి గురించి తెలుగునాట పెద్దగా చర్చ లేదు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలోనూ ఆయనకు దక్కిన చోటు తక్కువే. బడ్జెట్లను ఓడించి ప్రభుత్వాన్ని స్తంభింపజేయాలన్న స్వరాజ్య పార్టీలో ఉండి, ఆ తర్వాత అదే ప్రభుత్వంలో చేరడం ఇందుకు ఒక కారణం. లోపల ఉండి పేదపల్లెకు కొంతైనా మేలు చేయవచ్చా, లేక ఆ పని పరాయి పాలనకు మద్దతుగానే మిగులుతుందా అన్న ప్రశ్న ఆయన జీవితమంతా వెంటాడింది.

రైలు తెచ్చినది, తీసుకెళ్లినది

రాఘవేంద్రరావు 1889 ఆగస్టు 4న నాగపూర్ దగ్గరి కామ్టీలో పుట్టారు. కామ్టీ మద్రాసు సైన్యం విడిది చేసిన కంటోన్మెంటు. ఆ సైన్యం వెంట సిపాయిలుగా, వ్యాపారులుగా, గుమాస్తాలుగా ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి చేరాయి. రావు కుటుంబం తర్వాత బిలాస్‌పుర్‌లో స్థిరపడింది.

ఆయన పుట్టిన రోజుల్లోనే బెంగాల్ నాగపూర్ రైల్వే ఛత్తీస్‌గఢ్‌లో పట్టాలు వేస్తోంది. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పుర్ మీదుగా అసన్‌సోల్ వరకు రైలు నడిచింది. జంక్షన్ చుట్టూ కాలనీ పెరిగింది. రైల్వే పనుల కోసం వచ్చిన తెలుగువాళ్లు కూడా ఆ ఊళ్లో భాగమయ్యారు.

రైలు వచ్చిన పదేళ్లలోపే ఈ జిల్లా రెండు పెద్ద కరువులు చూసింది. ఒకటి 1896-97లో, మరొకటి 1899-1900లో. వరి ఒక్కటే ఆధారమైన ప్రాంతంలో వానలు మోసం చేస్తే తినడానికి ఏమీ మిగలదు. చెరువులు తవ్వడం, రాళ్లు కొట్టడం వంటి పనులు పెట్టి రోజు గడిచేంత కూలి ఇవ్వడమే అప్పటి సర్కారు సాయం. రైలు ధాన్యం మోసుకొచ్చింది. అదే రైలు ఊళ్లకు ఊళ్లను అస్సాం తేయాకు తోటలకు, తర్వాతి కాలంలో ఖరగ్‌పూర్, జంషెడ్‌పూర్‌లకు కూలికి తీసుకెళ్లింది.

బడి, బావి, దవాఖానా

ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదివి, బారిస్టరై తిరిగొచ్చిన రాఘవేంద్రరావు బిలాస్‌పుర్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1916లో మున్సిపాలిటీ అధ్యక్షుడయ్యారు. 1927 దాకా ఆ పదవిలో కొనసాగారు. జిల్లా కౌన్సిల్‌కు కూడా కొన్నేళ్లు నాయకత్వం వహించారు.

1920లో వచ్చిన స్థానిక స్వపరిపాలన చట్టంతో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో జిల్లా కౌన్సిళ్లకు కొత్త రూపం వచ్చింది. పల్లె బడులు, చిన్న దవాఖానాలు, మట్టిరోడ్లు, బావులు, బందెలదొడ్లు వాటి చేతిలోకి వచ్చాయి. నిధులు కొద్దిపాటివే, ఓటు హక్కు ఉన్నవాళ్లూ కొద్దిమందే. అయినా కలెక్టరు కచేరీ దాటి పేదవాడి ఇంటి దాకా ఏదైనా సాయం చేరాలంటే అప్పటికి ఉన్న దారి అదే. రావు రాజకీయం ఆ దారిలోనే రూపుదిద్దుకుంది.

1920-21లో సహాయ నిరాకరణోద్యమం ఊపందుకుంది. హిందీ కవి మాఖన్‌లాల్ చతుర్వేదిని 1921లో బిలాస్‌పుర్‌లో చేసిన ప్రసంగానికే అరెస్టు చేశారు. రాఘవేంద్రరావు కూడా కాంగ్రెస్ వైపు నడిచి, తర్వాత స్వరాజ్య పార్టీలో ముఖ్యుడయ్యారు. 1923 ఎన్నికల్లో ఆ పార్టీకి స్పష్టమైన మెజారిటీ వచ్చిన రాష్ట్రం సెంట్రల్ ప్రావిన్సెస్ ఒక్కటే. అక్కడ మంత్రిపదవులు కాదని, మంత్రుల జీతాలకు కోత పెట్టి, ద్వంద్వ ప్రభుత్వాన్ని నడవనివ్వలేదు.

ఆ విధానం ఎంతకాలం అన్న చోట చీలిక వచ్చింది. 1925లో ఎస్.బి. తాంబే గవర్నరు కార్యనిర్వాహక మండలిలో చేరారు. 1927లో రాఘవేంద్రరావు మంత్రి అయ్యారు. పాత సహచరులకు ఇది ఫిరాయింపు. పదవి తీసుకుంటేనే బడ్జెట్ మీద అదుపు దొరుకుతుందని నమ్మినవారికి ఇది సహజమైన తదుపరి అడుగు.

1930 నుంచి 1933 దాకా

1930లో ఆయన హోం మెంబరయ్యారు. అదే ఏడాది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో జంగిల్ సత్యాగ్రహం సాగింది. అడవిలో గడ్డి కోయడానికీ కట్టెలు తెచ్చుకోవడానికీ ప్రభుత్వం పెట్టిన ఆంక్షలను గ్రామీణులు, ఆదివాసులు ధిక్కరించారు. సివనీ జిల్లా తురియాలో కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. రవిశంకర్ శుక్లా, ద్వారకాప్రసాద్ మిశ్రా వంటి నేతలు జైళ్లలో ఉన్నారు. రాఘవేంద్రరావు ఆ ప్రభుత్వంలో కూర్చున్నారు. ఆయన జీవితాన్ని ఎంత సానుభూతితో చెప్పినా ఈ వాస్తవాన్ని దాటవేయలేం.

అదే ప్రభుత్వ కాలంలో మరో పని కూడా జరిగింది. 1929 తర్వాత ప్రపంచ మాంద్యం దెబ్బకు పంటల ధరలు దాదాపు సగానికి పడిపోయాయి. అప్పు మాత్రం తగ్గలేదు. ఒకప్పుడు పది బస్తాలతో తీరే బాకీకి ఇరవై బస్తాలు కావాల్సి వచ్చింది. ఈ స్థితిలో 1933లో సెంట్రల్ ప్రావిన్సెస్ రుణ రాజీ చట్టం వచ్చింది. దేశంలో ఈ తరహా చట్టాల్లో ఇదే మొదటిది. ఇది ఆయన ఒక్కడి ఘనత కాదు, కానీ దాన్ని తెచ్చిన ప్రభుత్వంలో ఆయన కీలక సభ్యుడు.

చట్టం పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. రైతు గానీ, అప్పు ఇచ్చినవాడు గానీ రాజీ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. బోర్డు అందరినీ పిలిచి లెక్కలు చూస్తుంది. మొత్తం బాకీలో కనీసం 40 శాతం రావలసిన రుణదాతలు ఒప్పుకుంటే ఆ ఒప్పందాన్ని నమోదు చేస్తారు. న్యాయమైన మాటకు ఒప్పుకోని సాహుకారు విషయంలో బోర్డు రైతుకు ధ్రువపత్రం ఇస్తుంది. ఆ తర్వాత సాహుకారు కోర్టుకెక్కినా ఖర్చులు రావు, వడ్డీ 6 శాతం మించదు, ఒప్పుకున్నవాళ్ల బాకీ తీరేదాకా అతని వంతు రాదు. వకీలు ఫీజు కట్టలేని రైతుకు ఇది పెద్ద ఊరట. పంజాబ్, బెంగాల్ ఇదే బాట పట్టాయి. 1936లో మద్రాసు చేసిన రుణ రాజీ చట్టం తెలుగు జిల్లాలకూ వర్తించింది.

ఎవరు మిగిలిపోయారు?

చట్టంలో రెండు లోపాలున్నాయి. ఒకటి, రాజీ అన్నది సాహుకారు ఇష్టం మీద ఆధారపడింది. రెండోది ఇంకా పెద్దది. ఆ రక్షణ భూమి మీద ఏదో ఒక హక్కున్న సాగుదారుకే. బిలాస్‌పుర్ పల్లెల్లో చేసిన అప్పుకు ఏళ్లతరబడి ఒకే ఇంట్లో చాకిరీ చేసే ‘కమియా’లు ఉండేవారు. భూమిలేని కూలీలు ఉండేవారు. వాళ్లు ఆ బోర్డు గడప తొక్కే వీలే లేదు. చట్టం వచ్చిన 1933లోనే, నవంబరులో, గాంధీ హరిజన యాత్రలో భాగంగా బిలాస్‌పుర్ వచ్చారు. రుణ రాజీ కాగితాల్లో కనిపించని మనుషుల గురించే ఆ యాత్ర.

1936లో గవర్నరు సెలవుపై వెళ్లినప్పుడు రాఘవేంద్రరావు కొన్ని నెలలు ఆ స్థానంలో ఉన్నారు. అప్పట్లో ఒక భారతీయుడు గవర్నరు కుర్చీలో కూర్చోవడం అరుదు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచి కూడా మంత్రివర్గం ఏర్పాటుకు ముందుకు రాకపోవడంతో ఏప్రిల్ నుంచి జులై వరకు ఆయన తాత్కాలిక మంత్రివర్గం నడిచింది. కాంగ్రెస్ మనసు మార్చుకోగానే ఆయన తప్పుకున్నారు, ఎన్.బి. ఖరే ప్రధాని అయ్యారు. రుణ రాజీ చాలదని గుర్తించిన కాంగ్రెస్ ప్రభుత్వం 1939లో రుణ విముక్తి చట్టం తెచ్చి, బోర్డుల స్థానంలో బాకీ తగ్గించే అధికారం ఉన్న కోర్టులను పెట్టింది. పాత ప్రత్యర్థులు వేసిన పునాది మీదే ఈ మెట్టు కట్టారు.

1939లో రావు భారత వ్యవహారాల మంత్రికి సలహాదారుగా లండన్ వెళ్లారు. 1941లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో పౌర రక్షణ బాధ్యత తీసుకున్నారు. 1942 జూన్ 15న కన్నుమూశారు. అప్పటికాయన వయసు 52. మరో రెండు నెలలకు క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. ఆయన ఎటువైపు నిలిచేవారో తేల్చుకోవాల్సిన అవసరం చరిత్ర కల్పించలేదు.

ఆయన పాత ప్రశ్న మాత్రం బిలాస్‌పుర్‌లో ఇంకా ఉంది. వరి కోతలయ్యాక పల్లె కుటుంబాలు మూటలతో స్టేషనుకు చేరి, పనికోసం దూర రాష్ట్రాలకు వెళ్లడం నేటికీ ఆగలేదు. 2012లో ఛత్తీస్‌గఢ్ తెచ్చిన ఆహార భద్రత చట్టం భూమి పట్టాతో నిమిత్తం లేకుండా పేద కుటుంబానికి బియ్యం హక్కు ఇచ్చింది. భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబాలకు ఏటా నగదు ఇచ్చే పథకం కింద 2022లో తొలి చెల్లింపు జరిగింది. 1933 చట్టం లెక్కలోకి తీసుకోని కూలీని ప్రభుత్వం పథకం పేరులోనే గుర్తించడానికి దాదాపు తొమ్మిది దశాబ్దాలు పట్టింది. రాఘవేంద్రరావు తరం నుంచి నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది: సాయం ఎంత అన్నదాని కంటే, ఆ జాబితాలో ఎవరి పేరు లేదన్నది ముందుగా చూడాలి.