కీ. శే. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మా హుజూర్‌నగరు ప్రాంతమున బోదకాలు వ్యాధి పేరు వినని వారుండరు. దాని నివారణకై ప్రభుత్వమువారు ఊరూర మ్రింగించు డి.ఇ.సి. మాత్ర, ఒక ఆంధ్రుని పర్యవేక్షణమున 1947 వ సంవత్సరమున అమెరికాలో హెట్రజాను అను పేర వెలువడిన ఔషధమే యని యెరిగినవారు మాత్రము అరుదు. రాచపుండునకు మందు కనిపెట్టిన వారిలో అగ్రగణ్యుడును ఆయనయే. అట్టి సుబ్బారావుగారి చరిత్రమును సంగ్రహముగ నిచ్చట వ్రాయుచున్నాము.

వీరు 1895 జనవరి 12 న భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జనించిరి. బాల్యమున చదువుపై శ్రద్ధ లేదు. యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని కాశికి బయలుదేరి పట్టుబడిరి. తల్లి నగలమ్మి చదివింపగా, మూడవ పర్యాయమున గాని మెట్రిక్యులేషను పరీక్ష యందు కృతార్థులు కాలేదు. (పరీక్ష తప్పిన బాలురకు ఈ సంగతిని మేము పలుమార్లు చెప్పియున్నాము.) సన్న్యసింపగోరిరి, తల్లి యనుమతింపలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి.

అచ్చట గాంధీగారి పిలుపు విని, శస్త్రచికిత్సాగృహమునకు ఖద్దరు వస్త్రము ధరించి పోవుట ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు రుచింపలేదు. తత్ఫలితముగ ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగ తక్కువదగు ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. ఆయుర్వేద కళాశాలలో బోధకులైరి. సోదరులలో ఇద్దరిని స్ప్రూ అను గ్రహణీరోగము బలిగొనెను.

విదేశవిద్యకు ధనమెక్కడిది? మామగారు కొంత సమకూర్చిరి. తక్కిన భరోసా కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఇచ్చెను. నాయకరుగారు బర్మాలో వర్తకము చేసి యార్జించిన విత్తమును ధర్మమునకు వినియోగించిన దాత. దాత కులమొకటి, గ్రహీత కులమొకటి. కులసభల సంచికలలో మనవారి ఘనతలనే యేకరువు పెట్టుట వాడుకయైనది గాని, ఈ యొక్క సంగతిని విడిచి సుబ్బారావుగారి చరిత్ర వ్రాయుట న్యాయము కాదని మా యభిప్రాయము.

1919 లో పెండ్లాడిన శేషగిరిగారిని ఇంట విడిచి వీరు బోస్టను నగరము చేరిరి. ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు కొలువుతో పొట్ట పోసికొనుచు హార్వర్డులో చదివిరి. 1925 లో ఫిస్కేతో గూడి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. పిదప కండరముల పనికి శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఎ.టి.పి. అను ద్రవ్యములను కనుగొనుటలో పాలుపంచుకొనిరి. ఇంతటి పని చేసినను అచ్చట స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. 1940 లో లెడర్లే పరిశోధనాలయమున చేరి, దాని పరిశోధనలకు అధిపతులైరి.

అచ్చట 1945 నాటికి ఫోలికామ్లమును కృత్రిమముగ తయారుచేసిరి. సోదరుల ప్రాణములు దీసిన స్ప్రూకు అదియే మందాయెను! కాని రక్తసంబంధమైన రాచపుండు గల పిల్లలకు దాని నీయగా వ్యాధి ప్రకోపించునట్లు వైద్యుడైన సిడ్నీ ఫార్బరు గమనించెను. ఆకలిగొన్న శత్రువునకు అన్నము పెట్టినట్లయ్యె నన్నమాట. అట్లయిన, అన్నమువలె గనుపించి ఆకలి తీర్పని పదార్థము నిచ్చినచో నేమగును? సుబ్బారావుగారి బృందము అట్టి అమినాప్టెరినును, తరువాత మెథోట్రెక్సేటును సిద్ధపరచెను. అమినాప్టెరినుతో కొందరు పిల్లలకు వ్యాధి తాత్కాలికముగ నుపశమించెనని ఫార్బరు 1948 జూనులో ప్రకటించెను. ఆ యేటనే జిమ్మీ ఫండు అను ధర్మనిధి వెలసి, సామాన్యజనుల చందాలతో ఆ చికిత్సను కొనసాగించెను. మెథోట్రెక్సేటు నేటికిని రాచపుండునకేగాక కీళ్లవాతమునకును వాడుకలోనున్నది.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 వ యేట, న్యూయార్కున హఠాత్తుగ కాలధర్మము నొందిరి. 1995 లో భారతప్రభుత్వము వీరి పేర తపాలాబిళ్ల వెలువరించెను. విదేశమునకేగిన పిదప వీరు మరల స్వదేశమునకు రాలేదు. శైశవముననే గతించిన కుమారుని కన్నులార చూడలేదు. శేషగిరిగారు వీరికై వేచియే యుండిరి.