అల్లాడివారు, మన 30వ అధికరణం

బళ్లారి తెలుగు బడుల సంగతి వచ్చినప్పుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌ను మనం తలచుకోం. నెల్లూరు జిల్లా పుదూరులో 1883లో అర్చకుని ఇంట పుట్టారాయన. 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వకేట్ జనరల్. మన జిల్లా అప్పుడు మద్రాసుదే. 1947లో అంబేడ్కర్ అధ్యక్షతన ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులయ్యారు. భాషా మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టి నడుపుకోవచ్చన్న 30వ అధికరణం ఆ రాజ్యాంగంలోదే. అందులో ఏ మాట ఎవరిదో విడదీయలేం గానీ, మన బడికి ఆధారం అదే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. బళ్లారి మైసూరులో చేరింది. ఆ రోజు నుంచే మనం కన్నడ రాష్ట్రంలో మైనారిటీలం. అక్టోబరు 3న అల్లాడివారు కన్నుమూశారు. పసిపిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలన్న 350-ఎ అధికరణం 1956లో గానీ రాలేదు.