పెట్రోల్ కోసం ట్రై చేస్తే ప్లాస్టిక్ వచ్చింది.. రాబర్ట్ బ్యాంక్స్ కథ తెలుసా?

వరంగల్: ఎనుమాముల మార్కెట్‌లో మబ్బు పట్టిందంటే చాలు.. రైతులు మిర్చి, మక్కల రాశుల మీద టార్పాలిన్లు కప్పడానికి ఉరుకుతారు. ఇంటికొస్తే నీళ్ల బిందె, నూనె క్యాన్. వీటిలో చాలావరకు హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథిన్‌తో చేసినవే. ఈ ప్లాస్టిక్ మన దాకా రావడానికి కారణమైన వాళ్లలో ఒకరు అమెరికా కెమికల్ ఇంజినీర్ రాబర్ట్ బ్యాంక్స్.

1921లో మిస్సోరీ రాష్ట్రంలోని పీడ్‌మాంట్‌లో పుట్టారు. 1946లో ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీలో చేరారు. ఓక్లహోమాలోని బార్టల్స్‌విల్ ల్యాబ్‌లో పాల్ హోగన్‌తో కలిసి పని మొదలుపెట్టారు.

ప్లాస్టిక్ చేయాలన్నది వాళ్ల ప్లాన్ కానే కాదు. రిఫైనరీ గ్యాస్‌ల నుంచి పెట్రోల్‌కు పనికొచ్చే ద్రవాలు తీయాలని చూశారు. 1951 జూన్‌లో నికెల్ ఉత్ప్రేరకానికి కొంచెం క్రోమియం ఆక్సైడ్ కలిపి, ప్రొపిలీన్ గ్యాస్ పంపారు. ద్రవంతో పాటు తెల్లటి గట్టి పదార్థం కూడా వచ్చింది. అదే పాలీప్రొపిలీన్. వేరే వాళ్లయితే కడిగి పారేసేవాళ్లేమో. వీళ్లు మాత్రం నికెల్ తీసేసి, ఒక్క క్రోమియంతోనే మళ్లీ చేసి చూశారు. ఆ తర్వాత ఇథిలీన్ గ్యాస్ పంపితే గట్టి పాలిథిన్ తయారైంది.

ఇదెలా పని చేస్తుంది?

సిలికా లాంటి పొడి మీద ఒక శాతం అటూఇటూగా క్రోమియం ఎక్కిస్తారు. పొడి గాలిలో కొన్ని వందల డిగ్రీల దాకా వేడి చేస్తారు. అప్పుడు ఇథిలీన్ పంపితే, దాని అణువులు క్రోమియం దగ్గర ఒకదాని వెనక ఒకటి గొలుసులా అతుక్కుంటూ పోతాయి. అంతకుముందు పాలిథిన్ చేయాలంటే వెయ్యికి పైగా అట్మాస్ఫియర్ల ప్రెజర్ కావాలి. ఈ పద్ధతిలో కొన్ని పదులు చాలు. వాడే ఉత్ప్రేరకం ఎంత తక్కువంటే, దాన్ని ప్లాస్టిక్ నుంచి వేరు చేసే పని కూడా లేదు.

1954లో ‘మార్లెక్స్’ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చారు. మొదట్లో సరుకు గోదాముల్లోనే పేరుకుపోయింది. 1958లో పిల్లలు నడుముకు తిప్పే హూలా హూప్ రింగుల క్రేజ్ వచ్చాక గానీ కంపెనీ ఊపిరి పీల్చుకోలేదు.

నోబెల్ మాత్రం దక్కలేదు

దాదాపు అదే కాలంలో జర్మనీలో కార్ల్ జీగ్లర్, ఇటలీలో జులియో నట్టా వేరే ఉత్ప్రేరకాలతో ఇలాంటి ప్లాస్టిక్‌లే చేశారు. 1963 నోబెల్ వాళ్లిద్దరికే వెళ్లింది. పాలీప్రొపిలీన్ ముందు ఎవరు చేశారన్న దానిపై పేటెంట్ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 1983లో పేటెంట్ బ్యాంక్స్, హోగన్‌ల పేరు మీదే వచ్చింది. అంటే ల్యాబ్‌లో ఆ తెల్లటి పదార్థం కనిపించిన 32 ఏళ్లకు! 1987లో ఇద్దరికీ పెర్కిన్ మెడల్ ఇచ్చారు.

1989 జనవరి 3న బ్యాంక్స్ కన్నుమూశారు. 2001లో అమెరికా ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది. అది చూడటానికి ఆయన లేరు.

క్రోమియం పద్ధతి ఇప్పటికీ ప్రపంచవ్యాప్తంగా నడుస్తోంది. అయితే ఈ ప్లాస్టిక్ మట్టిలో తొందరగా కలిసిపోదు. మేడారం జాతర వచ్చినప్పుడల్లా ప్లాస్టిక్ తేవద్దని అధికారులు చెప్పేది అందుకే. పగిలిన బిందె, చిరిగిన టార్పాలిన్ కాల్చొద్దు, చెరువులో పడేయొద్దు. పాత సామాన్ల వాళ్లకు ఇస్తే కరిగించి మళ్లీ వాడుకునే వీలుంటుంది.