ఐదు పౌండ్ల అప్పు, ఒక బొమ్మ రైలు

మాది ఎర్రగుంట్ల. 2016లో నంద్యాల లైన్ మొదలైనప్పుడు మా నాయన నన్ను స్టేషన్‌కి తీసుకుపోయి ఆ రైలు చూపించాడు. అప్పట్నుంచి నాకు రైళ్ల పిచ్చి. ఇప్పుడు హాస్టల్లో నా మంచం కింద, పాత పెళ్లికార్డుల అట్టతో చేసిన బోగీలు మూడు ఉన్నాయి. అసలు ఐసీఎఫ్ బోగీ పొడవు సుమారు 21.3 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 24.5 సెంటీమీటర్లు. లెక్క వేసుకోవడానికి ఖర్చు లేదు కదా! కానీ నడిచే ఇంజను, పట్టాలు కొనాలంటే మాత్రం ధర చూసి ఫోన్ పక్కన పెట్టేయాల్సిందే.

పోయిన నెల ఒక తప్పు చేయబోయాను. ల్యాబ్ ఫీజు అని చెప్పి నాయన్ని డబ్బులు అడుగుదామని మెసేజ్ టైప్ చేశాను. పంపేముందు, ఆ ఇంజను డబ్బా మీదున్న హార్న్‌బీ అనే పేరు ఎవరిదా అని వెతికాను.

ఫ్రాంక్ హార్న్‌బీ 1863లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టాడు. ఇంజినీరింగ్ చదవలేదు. 16 ఏళ్లకే బడి మానేసి వాళ్ల నాన్న వ్యాపారంలో చేరాడు. 1899లో నాన్న చనిపోయి వ్యాపారం మూతపడితే, మాంసం దిగుమతి చేసే డేవిడ్ ఎలియట్ దగ్గర లెక్కలు రాసే గుమాస్తా అయ్యాడు.

ఆ రోజుల్లోనే తన ఇద్దరు కొడుకుల కోసం రేకు ముక్కలు కత్తిరించి క్రేన్లు, వంతెనలు చేసేవాడు. చిక్కేమిటంటే, క్రేన్ కోసం కోసిన ముక్క వంతెనకి పనికిరాదు. ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచే. అన్ని రేకులకీ అర అంగుళం ఎడంతో ఒకేలా బెజ్జాలు పెడితే ఏ ముక్కనైనా దేనికైనా బిగించొచ్చు కదా అని అప్పుడు తట్టింది. మన సీఎస్‌ఈ వాళ్ల లెక్కలో, ఒక ఫంక్షన్ రాసి వంద చోట్ల వాడుకోవడమే.

పేటెంట్‌కి ఐదు పౌండ్లు కావాలి. ఆయన చేతిలో లేవు. యజమాని ఎలియట్ దగ్గరే అప్పు తీసుకున్నాడు. 1901లో పేటెంట్ వచ్చింది. ఎలియట్ ఆఫీసు పక్కన ఖాళీగా ఉన్న చోటు కూడా ఇచ్చి, భాగస్వామిగా చేరాడు. 1907లో ఆ సెట్లకి మెకానో అనే పేరు వచ్చింది. 1914లో పెద్ద ఫ్యాక్టరీ. 1920లో తొలి హార్న్‌బీ రైలు: కీ ఇస్తే నడిచేది, నట్లు విప్పి మళ్లీ బిగించుకోగలిగేది. ఆ గుమాస్తా 1931లో పార్లమెంటుకి కూడా ఎన్నికయ్యాడు. 1936లో కన్నుమూశాడు.

నన్ను పట్టుకున్నది ఆ ఐదు పౌండ్లు. ఆయనది అప్పు. నాది అబద్ధం. మెసేజ్ డిలీట్ చేసి నాయనకి ఫోన్ చేశాను, ఉన్న విషయం చెప్పేశాను. ఇంజనుకి డబ్బుల్లేవన్నాడు. కానీ ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, తమ్ముడి విరిగిన బొమ్మ కారులోంచి తీసిన మోటారు జేబులో పెట్టుకొచ్చాడు.

అది ఇంకా సరిగా తిరగట్లేదు. బోగీల సంగతి మాత్రం మారింది. ఇదివరకు ఒక్కో కిటికీ కొలిచి కోసేవాణ్ణి. ఇప్పుడు ఒకే అచ్చు చేసి పెట్టుకున్నాను, అన్ని బోగీలకీ అదే. కావాలంటే అచ్చు నా దగ్గర తీసుకోండి. పెళ్లికార్డులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.